నాదమే కాయకముగా: ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితము

తన దేహమునే వీణగా చేసికొని వాయింపుమని బసవేశ్వరుడు కూడలసంగమదేవుని వేడుకొనిన వచనమును వినని వీరశైవ గృహముండదు. వాద్యమొకటి, వాయించువాడొకడు, వినువాడొకడు అను భేదము అందు కరగిపోవును. ఆ వచనమును పాడుకొనువారు పెక్కురు కలరు. కాని పసితనముననే ఒక వాద్యమును చేతబట్టి, కడ ఊపిరి వరకు దానినే కాయకముగా నడుపుకొన్న మనుష్యుని బ్రతుకును చూచినప్పుడు ఆ వచనార్థము మరికొంత తేటపడును. అట్టి బ్రతుకు మన తెలుగునాట శ్రీ ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. వారు పుట్టుకచే వీరశైవులు కారు. పుట్టుకనుబట్టి మనుష్యుని తూచుట బసవన్న మార్గము కాదు గనుక, వారి కథను శరణుల ఇండ్లలో చెప్పుకొనుటకు సందేహింప బనిలేదు.

చెల్పూరు, గణపురము ప్రాంతములవారికి వాద్యకారులను శిలలలో చూచుట క్రొత్త కాదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో ప్రతిష్ఠింపజేసిన రామప్ప దేవాలయమున, స్వామి యెదుట నాట్యమాడువారును మద్దెలలు వాయించువారును నేటికిని రాతిలో నిలిచియున్నారు. ఆ దిక్కుననే, నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి, బసవపురాణకర్తయైన సోమనాథకవి పేరు మోయుచున్నది. ఆ మహాకవి పండితారాధ్యచరిత్రలో రాగముల పేర్లను, వీణాభేదముల పేర్లను ఎన్నింటినో గుదిగ్రుచ్చినాడు. నాటి శివభక్తులు సంగీతమును వినోదముగా మాత్రమే చూడలేదనుటకు అదియే సాక్ష్యము. రావణుడు తన నరములనే తంత్రులుగా చేసి శివుని మెప్పించెనను కథయు మన పెద్దలు చెప్పునదే. అయితే సోమనాథుని పట్టికలలో ఎంత వెదకినను ఫిడేలు కానరాదు. ఆనాటికి ఆ వాద్యము మన దేశమునకు రానేలేదు.

ఫిడేలు దొరలతో ఓడలలో వచ్చిన వాద్యము. చెన్నపట్టణపు కోటలో ఆంగ్లేయుల బ్యాండు మేళము వాయించుచుండగా, మణలి జమీందారు ఆశ్రయములోనున్న దీక్షితుల కుటుంబమువారు దానిని వినిరి. వారిలో ముత్తుస్వామిదీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామిదీక్షితులు (1786–1858) ఆ వాద్యముపై మక్కువపడి, పాశ్చాత్య పద్ధతిని నేర్చి, పిదప దానిని కర్ణాటక సంగీతమునకు మలచుకొనెను. తంజావూరు సోదరులలో ఒకడైన వడివేలుకు తిరువాన్కూరు ప్రభువు స్వాతితిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. అటుపిమ్మట నూరేండ్లు గడవకమునుపే, ఫిడేలు లేని పాటకచేరీ మన దక్షిణదేశమున ఉండదను స్థితి ఏర్పడినది. దొరలు నిలుచుండి గడ్డముక్రింద నొక్కిపట్టి వాయించు వాద్యమును మనవారు నేలపై కూర్చుండబెట్టిరి. దాని తల కుడిపాదపు చీలమండపై ఆనును. దాని మొదలు రొమ్మునకు ఆనును. రెండుచోట్ల ఊత దొరకుటచే ఎడమచేయి తంత్రులపై ఇష్టము వచ్చినట్లు జారగలదు. ఆ జారుడులోననే మన గమకములన్నియు ఉన్నవి. పరదేశపు వస్తువునకు మన కూర్చుండు తీరు నేర్పగానే అది మన మాట పలికినది.

ఆ మాటకు తెలుగు సొగసు దిద్దినవారు నాయుడుగారు. వారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగము చేసినవారు. పెరిగినది మాత్రము విశాఖపట్టణములో. వెలుగుల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు కంటిచూపు మందము. బడిలో పలకయు, నల్లబల్లయు, అచ్చు అక్షరములును చూపుమీదనే ఆధారపడును గదా! చూపు సహకరింపకపోవుటచే చదువు సాగలేదు. ఇట్టి పిల్లవాడు ఏ ఇంట నున్నను తల్లిదండ్రుల గుండెలు బరువెక్కును. వీడు ఎట్లు బ్రతుకునో యను దిగులొకవైపు, ఇరుగుపొరుగు వారి జాలిమాటలొకవైపు. ఆ రోజులలో అట్టి పిల్లలను ఒక మూలను కూర్చుండబెట్టి అన్నము పెట్టుటయే దయ యని తలచెడివారు. నేటికిని కొన్ని ఇండ్లలో అట్లే తలచుచున్నారు.

వెంకటస్వామి విషయమున ఆ దయకు బదులు విద్య దొరకినది. ఇచ్చినవాడు పరాయి గురువు కాడు, తోడబుట్టిన అన్నయే. వెంకటకృష్ణయ్యగారు తమ్మునిచేత ఫిడేలు పట్టించి తామే పాఠము ప్రారంభించిరి. లోకము వెంకటకృష్ణయ్యగారిని ఎక్కువగా స్మరింపదు. తమ్ముని కీర్తిలో ఆయన పేరు ఒక వాక్యముగా మిగిలిపోయినది. కాని మూల చేరవలసిన పిల్లవానిని పీటపై కూర్చుండబెట్టి వాద్యము చేతికిచ్చిన ఆ చేయి లేనిచో తరువాతి కథ ఏదియు లేదు.

ఫిడేలు నేర్చుట ఎంత కష్టమో తెలిసినవారికే ఆ పిల్లవాని సాధన విలువ తెలియును. వీణకు మెట్లు కలవు. వేలు మెట్టుపై పడినచో స్వరము చాలవరకు సరిగనే పలుకును. హార్మోనియమునకు బిళ్ళలు కలవు, నొక్కినచో స్వరము తనంతట తానే వచ్చును. ఫిడేలుకు మెట్లు లేవు, బిళ్ళలు లేవు, గుర్తులు లేవు. నున్నని నల్లని పలకపై నాలుగు తంత్రులు సాగియుండును. మన పద్ధతిలో వాటిని మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమము అను స్వరములకు శ్రుతి చేయుదురు. మిగిలిన స్వరములన్నియు ఆ తంత్రులపై ఎక్కడనో దాగియుండును. వేలు వెంట్రుకవాసి ముందునకు జరిగినను అపస్వరమే, వెనుకకు జరిగినను అపస్వరమే. ఏది సరియైన తావు అన్నది కన్ను చెప్పజాలదు, చెవియే చెప్పవలెను. కనుక చూపున్న పిల్లవాడైనను, చూపు మందమైన పిల్లవాడైనను ఫిడేలు యెదుట సమానులే. బడిలో వెంకటస్వామిని వెనుకకు నెట్టిన లోపము ఇచ్చట లోపమే కాకపోయినది. కన్నులకు పనిలేనిచోట చెవికి పని పెరిగినది.

కుడిచేతి పని మరియొక విద్య. గుర్రపుతోక వెంట్రుకలు బిగించిన కమానుకు రోజిన్ పూసి తంత్రిపై లాగవలెను. ఒత్తిడి ఎక్కువైనచో తంత్రి అరచును. తక్కువైనచో ఈలవేయును. కమాను వంకరపోయినచో బరబర మను రొద తప్ప నాదము రాదు. అందువలన తొలిదినములలో వేళ్ళు పెట్టనీయక, ఖాళీ తంత్రిపైననే కమానును మొదటినుండి కొసవరకు, కొసనుండి మొదటివరకు ఒకే తీరున లాగించుట మంచి గురువుల పద్ధతి. వినువారికి విసుగు పుట్టును, నేర్చువానికి అంతకుమించి పుట్టును. ఇరుగుపొరుగు వారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఫిడేలు నేర్చు పిల్లవాడున్న ఇంట మొదటి యేడు పిల్లి కూడ నిలువదని సంగీతజ్ఞులు హాస్యమాడుచుందురు.

ఆ ఘట్టము దాటిన పిదప మాయామాళవగౌళ రాగమున సరళివరుసలు. ఈ పాఠక్రమమును ఏర్పరచినవారు పురందరదాసులని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఈ రాగము పూర్వాంగములో స్వరముల నడుమ నున్న ఎడములే ఉత్తరాంగములోను ఉన్నవి. షడ్జము వద్ద వేళ్ళు నేర్చుకొన్న ఎడమునే పంచమము వద్ద మరల వేయవచ్చును. ఫిడేలుపై ఒక తంత్రిమీద పడిన వేళ్ళ వరుసయే ప్రక్క తంత్రిమీదను పడును. పసివ్రేళ్ళకు ఇంతకంటె అనువైన రాగము దొరకదు. సరళివరుసలను మొదటి కాలములో, పిదప రెండవ కాలములో, మూడవ కాలములో వాయింపవలెను. తరువాత జంటవరుసలు, దాటువరుసలు, సప్తతాళాలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు. వర్ణము రెండు కాలములలో తొట్రుపాటు లేక పలికిన నాడే కృతికి అర్హత. పిల్లవాని ఓపికనుబట్టి ఇందుకు అయిదేండ్లు పట్టవచ్చును, పదేండ్లు పట్టవచ్చును. పొట్టిదారి లేదు. లింగధారణమైన బిడ్డ ప్రతిదినము పూజ మానక చేయుటకు, వాద్యము పట్టిన బిడ్డ ప్రతిదినము సరళివరుసలు మానక వాయించుటకు పెద్ద భేదము లేదు. ఒకనాడు మానినచో తనకు తెలియును, రెండునాళ్ళు మానినచో గురువునకు తెలియును.

పాఠము పుస్తకము చూచి నేర్చుకొను మార్గము వెంకటస్వామికి మూసికొనిపోయినది. కనుక విన్నది విన్నట్లు పట్టుకొని, మనస్సులో నిలుపుకొని, వేళ్ళలోనికి దింపుకొనవలసి వచ్చినది. మన ప్రాచీన విద్యలన్నియు అట్లే సాగినవి. వేదము వినికిడిచేతనే నిలిచినది, శరణుల వచనములు నాలుకలపైననే ఊరూరు తిరిగినవి. వ్రాత ఆదరువు లేనివానికి జ్ఞాపకము బలపడును. నాయుడుగారి వాదనములో తరువాతి కాలమున రసికులు మెచ్చుకొన్న నాదశుద్ధికి, శ్రుతిశుద్ధికి మూలము ఆ బాల్యపు వినికిడిలోననే ఉన్నదనుట తప్పు కానేరదు.

ఇచ్చట వీరశైవులకు స్వంతమైన మరియొక జీవితము జ్ఞప్తికి రాకమానదు. నాయుడుగారికంటె ఒక యేడు ముందు, 1892లో, కన్నడదేశమున పుట్టిన పంచాక్షరి గవాయిగారు పుట్టంధులు. హానగల్ కుమారస్వామివారు ఆ బాలుని చేరదీసి సంగీతము చెప్పించిరి. ఆయన పెద్దవాడై గదగులోని వీరేశ్వర పుణ్యాశ్రమమున అంధులకును అనాథలకును అన్నముతోపాటు సంగీతవిద్యను దానము చేసి, 1944లో లింగైక్యము చెందిరి. ఆయన శిష్యులు, తామును చూపులేనివారైన పుట్టరాజ గవాయిగారు (1914–2010), ఆ దాసోహమును 2010 వరకు నడిపిరి. విశాఖలో ఒక అన్న తన తమ్మునికి చేసినదానిని కన్నడదేశమున ఒక మఠాధిపతి పరుల బిడ్డకు చేసెను. ఒక మఠము తలచుకొన్నచో ఎంతమంది బిడ్డల చేతులకు వాద్యములు అందునో గదగు చూపినది. తెలుగునాట మఠములలో అట్టి పని జరిగినది తక్కువ యని చెప్పక తప్పదు.

మరల నాయుడుగారి కథకు వత్తము. 1919లో విజయనగర ప్రభువు పూసపాటి విజయరామగజపతిరాజుగారు తమ పట్టణమున సంగీత కళాశాలను స్థాపించిరి. కొలువులోని ఒక ఉద్యోగి కుమారునికి చూపులేదనియు, సంగీతమునందు ఆసక్తి గల ఆ బాలుని నిమిత్తమై ప్రభువు ఆ విద్యాలయమును తలపెట్టెననియు విజయనగరమున ప్రసిద్ధి. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) దానికి తొలి ప్రిన్సిపాలైరి. దాసుగారి పాండిత్యమును గూర్చి చెప్పబూనినచో ఈ వ్యాసము చాలదు. పెక్కు భాషలు నేర్చినవారు, పాదములతో వేరువేరు తాళములు వేయుచు పాడగలిగినవారు, ఎవ్వరిని ఊరక మెచ్చుకొనని స్వభావము గలవారు.

ఆ కళాశాలకు నాయుడుగారు వచ్చినది ఉపాధ్యాయపదవికొరకు కాదు. విద్యార్థిగా చేరుటకు వచ్చిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు దరిదాపు. చిన్ననాట పట్టిన ఫిడేలు అప్పటికే వేళ్ళలో స్థిరపడియున్నది. ఆ వయస్సున, అంతటి విద్య చేతనుండగా, పిల్లలతో కలిసి తరగతిలో కూర్చుండుటకు సిద్ధపడుట అందరివలన కాదు. కొంచెము పలికిన చాలును, పండితుడనని తలపాగా చుట్టుకొను లోకమిది. నాయుడుగారు తమకు ఇంకను నేర్వవలసినది కలదనియే తలచిరి. దాసుగారు ఆ యువకుని ఫిడేలు వినిరి. ఈతడు విద్యార్థిగా కాదు, ఆచార్యుడుగా ఉండదగినవాడని నిర్ణయించిరి. విద్యార్థిపీఠము కోరి వచ్చినవానికి ఫిడేలు ఆచార్యపీఠము దొరకినది. ఇందు నాయుడుగారి విద్యతోపాటు దాసుగారి పెద్దమనస్సును కూడ చూడవలెను. యోగ్యతాపత్రము లేని ఒక మందదృష్టి యువకుని వినికిడిమీదనే తూచి, తనతోపాటు కూర్చుండబెట్టుకొనుట పెద్దలు చేయు పని.

అట్లు 1919లో ఆచార్యులై, 1936లో నారాయణదాసుగారి తరువాత ఆ కళాశాలకు ప్రిన్సిపాలైరి. చదువు సాగని పిల్లవాడు విద్యాలయమునకు అధిపతియైనాడు. ఆ కళాశాలలో విద్య నేర్చినవారి పేర్లు తెలుగువారికి వేరుగా చెప్ప బనిలేదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చేతిలో డబ్బులేక, విజయనగరపు వీధులలో జోలెపట్టి మధుకరము చేసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద గాత్రము అభ్యసించినది నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలముననే. జంగమునకు భిక్ష వేయుట మన ఇండ్ల ఆచారము. చదువుకొను బాలుని జోలెలో పడిన ముద్దయు అట్టిదే. పి.సుశీలగారు కూడ ఆ కళాశాల విద్యార్థినియే. నూకల చినసత్యనారాయణగారు నాయుడుగారి వద్ద ఫిడేలు నేర్చి, పిదప గాయకులుగా పేరుగాంచిరి. ఇంట నాయుడుగారి కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు, అన్నగారి వంశమువారు ఈ విద్యను అందిపుచ్చుకొనిరి. ద్వారము అను ఇంటిపేరు ఫిడేలునకు మారుపేరైపోయినది. జనులు వారిని ఫిడేలు నాయుడుగారనియే పిలిచెడివారు.

వారి వాదనమున విశేషమేమనగా, కమాను. పలువురు కమానును ముక్కలు ముక్కలుగా, చిన్న తునకలతో నడిపించుచుండగా, నాయుడుగారు నిడుపైన కమానుతో ఎడతెగని నాదమును సాగదీసెడివారు. ఆ నాదము లావుగా, నిండుగా, తీయగా ఉండెడిది. కృతి వాయించునపుడు సాహిత్యాక్షరము ఎచ్చట విరుగునో కమాను అచ్చటనే తిరుగవలెను. లేనిచో త్యాగరాజస్వామివారి తెలుగు మాట నడుమ తెగిపోవును. పాడువారు చేయగలిగినదంతయు కమాను చేయవలెనను పట్టుదల వారిది. తెలుగు మాతృభాషయైన వాదకునికి ఈ విషయమున ఒక మేలున్నది. తాను వాయించుచున్న మాట అర్థము తనకు తెలియును.

పాశ్చాత్య సంగీతమును కూడ నాయుడుగారు శ్రద్ధతో వినిరి, అభ్యసించిరి. ఈ వాద్యము ఏ దేశమున పుట్టినదో ఆ దేశపు వారు దానిని ఎట్లు పలికించుచున్నారో తెలిసికొనుట అవసరమని వారి భావము. అచ్చటి కమానుపద్ధతిలోని నిండుదనమును తెచ్చుకొనిరి, రాగభావమును మాత్రము చెడనీయలేదు. కొందరు సంప్రదాయవాదులకు ఇది రుచింపకపోయియుండవచ్చును. కాని బాలుస్వామిదీక్షితులు చేసినదియు ఇదియే గదా! మంచి ఎచ్చటనున్నను తెచ్చుకొనుట తప్పయినచో ఫిడేలే మనకు ఉండెడిది కాదు. తంబురా విషయమున మాత్రము నాయుడుగారు రాజీపడలేదు. తంబురా నాదలక్షణములను గూర్చి వారు ఆలోచించిరి, వ్రాసిరి. శ్రుతి కుదిరిన తంబురాలో షడ్జపంచమములేకాక అంతరగాంధారము కూడ తనంతట తానే వినవచ్చును. వినదగిన చెవి యుండవలెను. ఆ చెవి వారికి పసితనమునుండి అలవడినది.

ఫిడేలు ఆ కాలమున ప్రక్కవాద్యము. గాయకుడు పాడును, ఫిడేలు అనుసరించును. గాయకుడు ఆలాపన చేసి విడిచినచో దానిని నీడవలె పట్టుకొని తిరిగి చెప్పును, స్వరకల్పనలో తన వంతు వచ్చినపుడు బదులు చెప్పును. గాయకుడు తప్పు త్రోవ పట్టినచో మెల్లగా సరిదిద్దును, తాను సరిదిద్దినట్లు సభకు తెలియనీయదు. ఈ ప్రక్కవాద్యధర్మములో అహంకారమునకు తావులేదు. నాయుడుగారు దక్షిణదేశపు పెద్ద గాయకుల ప్రక్కన ఆ ధర్మమును నడపిరి. అయినను ఆ వాద్యమునకు ఒంటరిగా నిలుచు శక్తి కలదని వారి నమ్మకము. 1938లో రాయవేలూరులో, గాయకుడు లేకుండ, ఫిడేలునే ముందు కూర్చుండబెట్టి తమ తొలి వాద్యకచేరీ చేసిరి. మూడు గంటల కచేరీని నాలుగు తంత్రులపై నిలబెట్టుట నేడు వింతకాదు. ఆనాడు అది సాహసము. ఆ తరువాత ఫిడేలు కచేరీలు ఊరూర జరుగనారంభించినవి. ఆ మార్గము తెరచినవారిలో నాయుడుగారి పేరు ముందు చెప్పవలెను.

1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారిని అధ్యక్షపీఠమున కూర్చుండబెట్టి సంగీతకళానిధి బిరుదము నిచ్చినది. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1950లో కళాప్రపూర్ణ పట్టమును, కేంద్ర సంగీత నాటక అకాడమీ 1953లో పురస్కారమును, భారత ప్రభుత్వము 1957లో పద్మశ్రీ బిరుదమును ఇచ్చి గౌరవించినవి. బిరుదములు పెద్దలకందరకు వచ్చునవే. వాటికంటె చెప్పుకొనదగినది 1952 నాటి ముచ్చట.

ఆ యేడు ప్రపంచప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ నెహ్రూగారి ఆహ్వానముపై మన దేశమునకు వచ్చి, తన కచేరీల రాబడిని క్షామనివారణ నిధికి సమర్పించెను. మద్రాసున ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి పి.వి.రాజమన్నారుగారి ఇంట ఆయన నాయుడుగారి ఫిడేలు వినెను. పుట్టినది మొదలు ఫిడేలునే శ్వాసించిన విద్వాంసుడాయన. తన దేశపు వాద్యము నేలపై కూర్చుండి, మెట్లులేని పలకపై జారుచు, తానెన్నడు విననట్టి గమకములను పలుకుట చూచి ఆశ్చర్యానందములు పొందెను. ఓడలో వచ్చిన వాద్యము నూటయేబదియేండ్ల పిదప తన పుట్టింటివారికి క్రొత్త విద్య చూపిన ఘట్టమది. ఆ సభలో వాయించుచున్నవాడు ఒకనాడు నల్లబల్లపై అక్షరము కానరాక బడి విడిచిన బాలుడు. ఆ యేటనే నాయుడుగారు ఢిల్లీలో అంధుల సహాయార్థము కచేరీ చేసిరి. ఆ వార్త పత్రికలకు చిన్నదిగా తోచియుండును. వారి బాల్యము తెలిసినవారికి అది చిన్నది కాదు.

చూపు ఎన్నడును పూర్తిగా బాగుపడలేదు. దళమైన కళ్ళద్దములతో, తల ఒకవైపునకు వంచి, తంత్రిదగ్గరగా చెవియొగ్గి కూర్చున్న మూర్తినే వారి చిత్రములలో చూతుము. పేరు వచ్చిన తరువాతను సాధన విడువలేదు, పాఠము చెప్పుట విడువలేదు. అన్న తనకు ఇచ్చినదానిని శిష్యులకు ఇచ్చుచునేయుండిరి. శరణుల మాటలలో చెప్పవలెనన్నచో, కాయకముచే సంపాదించినది దాసోహమునకు చేరినది. సంగీతములో దాసోహమునకు ఒక విచిత్రము కలదు. ఎంత పంచినను పాత్ర తరుగదు.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. విశాఖపట్టణమున వారి విగ్రహము కలదు, వారి పేరిట కళాక్షేత్రము కలదు. నూరేండ్లు నిండిన 1993లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్ళను వెలువరించినది. గ్రామఫోను పళ్ళెములపై వారు వాయించిన కృతులను తరువాతి తరములవారు క్రొత్త యంత్రములలోనికి ఎక్కించుకొని నేటికిని వినుచున్నారు. విజయనగరపు సంగీత కళాశాల నేటికిని నడచుచున్నది. అచ్చట చేరిన పిల్లలు కమాను పట్టి, మొదట ఖాళీ తంత్రిని సాగదీసి, పిదప మాయామాళవగౌళలో సరళివరుసలు ప్రారంభింతురు.